కొళాయి గోడ

"బొమ్మ సగం సెరిపేసేవు కదా, బాబాయ్," అన్నాడు అఫ్రీద్.

వెంకటరమణ తల తిప్పలేదు. మునిసిపాలిటీలో ముప్పై ఏళ్ళుగా వెల్ల వేసే మనిషి. పైనుంచి మాట వస్తే గోడ తెల్లబడాలి, అంతే.

ఈ అఫ్రీదే ఒకప్పుడు స్కేట్‌బోర్డెక్కి బెల్లం మార్కెట్ రోడ్డులో జనం మీదికి దూసుకొచ్చి చీవాట్లు తినేవాడు. ముందు ఆ బోర్డు అడుగున మంటలు గీశాడు. తర్వాత బోర్డుల మీద ఎగిరే పిల్లల్ని గోడలకెక్కించాడు. వీధి కొళాయిలు ఎండిన వేసవి నుంచి అతని బొమ్మలు నాయకుల్ని పట్టుకున్నాయి. ఇప్పుడు హైదరాబాదు నుంచి కూడా వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. ఈ గోడ మీద, మెడలో దండకు బదులు ఎండు కొళాయి వేలాడేసుకున్న ఓ నాయకుడు. అతని ముందు ఖాళీ బిందెతో వెంకటరమణ కూతురు లావణ్య.

"గోడ కడిగి రంగు పట్టించడం నాకు నేర్పింది నువ్వే. ఇప్పుడు కూతురి మొహం మీద నువ్వే సున్నం కొడతన్నావు. సిగ్గనిపించట్లేదా?"

వెంకటరమణ చెవులు కాలిపోయాయి. రోడ్డవతల కాలేజీ బస్సు కోసం నిలబడ్డ లావణ్య మొహం తిప్పుకుంది. ఒక్క మాట చెబితే చాలు, కానీ కుంచె మళ్ళీ సున్నంలో ముంచాడు.

అంతలో సూపర్‌వైజర్ త్రినాధరావు బండి దిగాడు. రేపు పదింటికి మంత్రిగారు ఈ గోడ ముందే మాట్లాడతారని, మచ్చ కనబడితే ఉద్యోగం ఊడుతుందని మళ్ళీ చెప్పాడు. ఎలమంచిలి వైపు కమ్ముకొస్తున్న మబ్బు చూసి అతనికి అనుమానమొచ్చింది.

"సున్నంలో బంక పడిందా? లేపోతే వానొత్తే మొత్తం కారిపోద్ది."

"ముప్పై ఏళ్ళుగా కలుపుతన్నాను బాబూ. నాకు సెప్పాలా?"

త్రినాధరావు నిశ్చింతగా వెళ్ళిపోయాడు. అఫ్రీద్ ఉమ్మేసి వెళ్ళాడు. బిందె పట్టుకున్న పిల్ల మొహాన్ని వెంకటరమణ చివరికి మిగిల్చాడు. ఆఖరికి దాని మీదా రెండు పూతలు వేశాడు. బస్సెక్కిన లావణ్య అటు చూడనేలేదు.

బకెట్టు కడుక్కుని, ఎవరి కంటా పడకుండా సందులు తిరుగుతూ ఇంటిదారి పట్టాడు. తొలి చినుకు మీద పడగానే చొక్కా జేబు తడుముకున్నాడు.

బంక పొట్లం విప్పకుండా అలాగే ఉంది.