మూడో ప్రకటన

చర్చిలో దివ్యపూజ ముగిసింది. పూర్వం పెళ్ళిళ్ళకు ముందు అడ్డంకులేమైనా ఉన్నాయా అని చదివినట్టే, ఆసుపత్రులు గడ్డకట్టించి వదిలేసిన పిండాలకు ఇప్పుడు ఫాదరుగారు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతున్నారు. రెజీనాకు ఇవాళ మూడోది.

"నాలుగు వందల పదో పిండం రెజీనమ్మ గర్భానికి. అడ్డంకి ఎరిగినవాళ్ళు చెప్పండి."

ఇప్పటికే అలాంటి ఇద్దరిని మోసి కన్న రెజీనా భర్త వైపు చూసింది. ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"ప్రాణం గదమ్మా, పారేస్తామా?" అంది అత్తగారు మార్తమ్మ.

"నాదీ ప్రాణమే గదా అత్తయ్యా."

ఫాదరుగారు కాగితం తిప్పారు. "మొదటి ప్రకటన. నాలుగు వందల పదకొండోది మార్తమ్మ గర్భానికి. ఇకమీదట వయసు అడ్డంకి కాదని పైనుంచి ఉత్తర్వు."

అత్తగారి చేతిలో జపమాల ఆగిపోయింది. రెజీనా నవ్వబోయి, పక్కనున్న పదో తరగతి కూతుర్ని చూసి, దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.