కొంగ రెండో కాలు

"ఈ కెమెరాని చెరువులో పారేస్తున్నా" అని కొంగ అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడింది.

ఆదివారం ఆదివారం పెరట్లో బట్టల తాడుకి ఎవరి ఫోటోలు వాళ్లు తగిలించి, ఒకరివి ఒకరు చూసి మాట చెప్పుకోవడం ఆ జంతువుల అలవాటు. కొంగ ఫోటోలన్నీ పక్కకి ఒరిగే ఉంటాయి. పాపం నొచ్చుకుంటుందని అందరూ మెడలు వంచి చూసి, "బాగుందబ్బాయ్" అనేవాళ్లు. ఇవాళ గేదె మాత్రం, "నీ చెరువులో నీళ్లు ఒలికిపోతున్నాయిరా" అనేసింది. అదీ సంగతి.

తాబేలు పిన్ని తీరిగ్గా నడిచొచ్చి, "ఫోటో తీసేటప్పుడు ఎన్ని కాళ్ల మీద నిలబడతావు నాయనా?" అని అడిగింది.

"ఒంటికాలి మీదే పిన్నీ. మా ఇంట్లో అందరం అంతే."

"వెలుతురు భలే పట్టావు. ఈసారి రెండోది కూడా దించి తియ్యి."

కొంగ అందర్నీ చెరువు గట్టు మీద నిలబెట్టి, సిగ్గుపడుతూనే రెండో కాలు దించి నొక్కింది. ఫోటోలో చూస్తే గట్టు తిన్నగా ఉంది, చెరువూ తిన్నగా ఉంది. అందరి మెడలే పక్కకి వంగి ఉన్నాయి, ఇన్నాళ్ల అలవాటు మరి.

"ఇప్పుడు నేనో మాట చెప్పనా?" అంది కొంగ.

"తిన్నాక చెబుదువుగానిలే, మెడ పట్టేసింది" అంటూ గేదె అటుకుల బుట్ట ముందు చతికిలబడింది. చుట్టూ అందరూ కూర్చున్నారు. కొంగ కూడా కూర్చుంది, రెండు కాళ్లూ మడుచుకుని.