రెండో కోటు

"పేర్లు చెప్పకండి. కాజాలు చూసే తేలుస్తాను," అన్నాడు టైలరు మాస్టరు.

ఆయన చూపు మందగించింది. దుకాణంలో కత్తెర ఇక అల్లుడికో, ఏళ్ల తరబడి తన దగ్గరే కుడుతున్న పాత పనివాడికో అప్పగించాలి. ఇద్దరూ తలా ఒక కోటు ఇంటికి తీసుకెళ్లి, బొత్తాల కాజాలు చేత్తో కుట్టి తెచ్చారు.

"అల్లుడి కుట్టు మామగారి వేళ్లకు తెలియదంటారా మాస్టారూ?" నవ్వుతూనే చురక వేశాడు పాత పనివాడు.

"అల్లుడు ఇంట్లోరా. ఇక్కడ నాకు పనే చుట్టం."

మాస్టరు కళ్లు మూసుకుని కాజాల అంచులు తడిమాడు. రెండో కోటు దగ్గర బొటనవేలు ఆగిపోయింది.

"చెయ్యంటే ఇదిరా! నాకే ఇంత సాఫుగా రాదు."

అది అల్లుడి కోటు. పాత పనివాడూ తడిమి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. కత్తెర తనే తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

సాయంత్రం ఆ కబురు చెప్పడానికి మాస్టరు కూతురింటికి వెళ్లాడు.

"కాజాలు నిజంగా నచ్చాయా నాన్నా?" ఆమె ముఖం వెలిగిపోయింది. "అవి నేను కుట్టినవే."

మాస్టరు దిగ్గున లేచాడు. "ఇప్పుడే వెళ్లి అందరికీ చెప్తాను."

"వద్దు నాన్నా. ఆయన పరువు పోతే ఈ ఇంట్లో నన్ను బతకనివ్వడు."

మాస్టరు మళ్లీ కూలబడ్డాడు. "ఇంత పని ఎక్కడ నేర్చావే తల్లీ?" అని మాత్రం అడగగలిగాడు.

"మన కొట్లోనే. 'ఆడపిల్లకి ఇక్కడేం పని, ఇంటికి పో' అని మీరు కసిరేదాకా మీ వెనకే నిలబడి చూసేదాన్ని."