దారి అడగని బెల్లు

వెనక మళ్ళీ బెల్లు మొదలైంది.

ట్రింగ్... ట్రింగ్... ట్రింగ్.

నతానియేల్‌కి ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర నిలబడి వస్తున్న మనిషి. కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది. ఇల్లు చేరి, మొహమైనా కడుక్కోకుండా మంచం మీద పడిపోవాలన్న కోరిక తప్ప, ఆ తెల్లవారుజామున ఆయనకి వేరే ఏ కోరికా లేదు.

సైకిల్ రోడ్డు వారకి తీసి, ముందుకెళ్ళమని చెయ్యి ఊపాడు.

వెనకాయన వెళ్ళలేదు. బెల్లూ ఆగలేదు.

నైట్ షిఫ్ట్ దిగి, కూర్మన్నపాలెం జంక్షన్ దాటి హైవే ఎక్కితే చాలు, ఇదే వరస. ఎవరో ముసలాయన. తెల్ల గడ్డం, తలకి మఫ్లర్. సైకిలు ఎంత పాతదో బెల్లు అంత కొత్తది. ముందుకి వెళ్ళడు, వెనకబడడు.

మోటారు సైకిలున్నన్నాళ్ళూ ఈ పీడ లేదు. కొడుకు డానీకి కాలేజీ దూరమైందని బండి వాడికిచ్చేసి, నతానియేల్ మళ్ళీ సైకిలెక్కాడు. "ఎక్సర్‌సైజ్ కూడా" అని భార్య కేథరిన్ దగ్గర గొప్పలు పోయాడు. రాత్రంతా నిలబడ్డ కాళ్ళు ఎక్సర్‌సైజ్ అడుగుతాయా?

ఆ రోజు ఇక తట్టుకోలేక సైకిల్ దిగాడు.

"ఏటయ్యా నీ గోల? రోడ్డంతా కాళీయే గదా, ఎల్లవేటి?"

"నువ్వెల్లు బాబూ. నాను నీ ఎనకాలే వత్తాను."

"మరెందుకా బెల్లు?"

ముసలాయన ఇబ్బందిగా నవ్వాడు. "అలవాటైపోనాది."

ఆ నవ్వుకి నతానియేల్‌కి తిక్క రేగింది. ముసలాయన హేండిల్ పట్టుకుని, బెల్లు మూత గిరగిరా తిప్పి ఊడబీకి, రోడ్డు పక్క గెడ్డ నీళ్ళలోకి గిరాటేశాడు.

"ఇప్పుడు కొట్టు!"

ముసలాయన గెడ్డ వైపు చూశాడు. తర్వాత నతానియేల్ కళ్ళలోకి చూశాడు. తిట్టలేదు.

"జాగర్తగా ఎల్లు బాబూ," అన్నాడంతే.

మర్నాడు వెనక చప్పుడు లేదు. నతానియేల్‌కి ప్రాణం హాయిగా అనిపించింది. చల్లటి గాలి. పరవాడ వైపు పోయే బొగ్గు లారీల హోరు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. కాళ్ళు వాటంతటవే తొక్కుతున్నాయి.

ఉన్నట్టుండి భుజం మీద దెబ్బ పడింది. ఎవరో పక్కనుంచి బలంగా తోశారు. సైకిలుతో సహా వెళ్ళి రోడ్డు పక్క మట్టిలో పడ్డాడు. లారీ బ్రేకులు కీచుమన్నాయి.

లేచి చూస్తే ఆ ముసలాయనే. తన సైకిల్ పక్కనే రోడ్డు మీద పడున్నాడు.

"నిన్నటి కసి తీర్సుకున్నావేటి?" అని అరిచాడు నతానియేల్, రక్తం కారుతున్న మోచెయ్యి పట్టుకుని.

ముసలాయన లేవలేదు. లారీ డ్రైవర్ పరిగెత్తుకొచ్చాడు, జనం మూగారు, అంబులెన్స్ వచ్చింది. అందరూ ఆయన చుట్టూ తిరుగుతుంటే, తోసినవాడికే ఇంత మర్యాదా అని నతానియేల్ లోపల్లోపలే ఉడికిపోయాడు.

చెయ్యి కాస్త నెమ్మదించాక డ్యూటీకి బయల్దేరి, జంక్షన్లో ఈశ్వరి టీ బడ్డీ దగ్గర ఆగాడు.

"ఆ గడ్డపాయన ఎలాగున్నాడు ఈశ్వరీ? నన్ను తోసేసినందుకు బాగా అయ్యుంటాది."

ఈశ్వరి టీ గ్లాసు అందిస్తూ ఆగిపోయింది.

"ఖయ్యూం భాయి పోనాడన్నయ్యా. నిన్ననే మట్టి సేసేరు."

నతానియేల్ గ్లాసు అందుకోలేదు.

"నువ్వు నిద్దరోతా లారీకి అడ్డమెల్లిపోయావంట. ఆ డ్రైవరే సెప్పేడు. బెల్లుంటే బెల్లు కొట్టీవాడు. లేదు గావాల, తోసేసాడు."

బెల్లు ఊడబీకిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలీలేదు.

"ఆయనకి... ఆ దారిలో ఏటి పని?"

"ఏ పనీ లేదు. ఆయనిల్లు ఈ సందులోనే. తెల్లారగట్ట ఇక్కడ టీ తాగీవాడు. సైకిళ్ళ మీద షిఫ్ట్ దిగొచ్చినోళ్ళల్లో ఎవులు తూలితే ఆల ఎనకాల బెల్లు కొట్టుకుంటా ఇంటి మలుపు దాకా ఎల్లీవాడు."

"ఒక్క మాట నాతో సెప్పొచ్చు గదా!" నతానియేల్‌కి ఏడుపొచ్చేసింది.

"నానూ అదే అన్నాను. 'సెబితే సిగ్గుపడతారమ్మా. నిద్దర తప్పు కాదు గదా' అనీవాడు."

ఈశ్వరి స్టవ్ తగ్గించింది.

"ఒకప్పుడు లారీ తోలీవాడన్నయ్యా. ఇదే రోడ్డు, ఇదే తెల్లారగట్ట. షిఫ్ట్ దిగి సైకిల్ మీద తూలతా వత్తన్న మనిషి సక్రాల కిందకొచ్చేసేడు. ఆ రోజు నుంచి ఖయ్యూం భాయి మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు."

"హారన్ కొడితే లేసీవోడేమో గదా?"

"ఎలా కొడతాడన్నయ్యా," అంది ఈశ్వరి, "అప్పుడు ఆయన కూడా నిద్దర్లోనే ఉన్నాడు."