ఐదు గంటల రాణి

మేనక మేనత్త ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఇంకో గంటలోపు మేనత్త చేతిలోంచి రిమోట్ లాక్కోవాలి. కౌలాలంపూర్ నుంచి మధ్యాహ్నమే బయలుదేరి వచ్చింది అందుకే.

మేనక టీవీ నటి. మలేసియాలో తెలుగిళ్లలోనూ నడిచేది తమిళ టీవీయే. 'ఐదో మైలు' అనే తమిళ సీరియల్లో కథానాయిక. రబ్బరు తోటలో పుట్టి బస్సు డ్రైవరైన అమ్మాయి కథ అది. కథ ఇక్కడిదే, నటులూ ఇక్కడివాళ్లే. చూసేవాళ్లే లేరు. ప్రతి ఆదివారం ఐదింటికి అది మొదలవుతుంది. సరిగ్గా అదే సమయానికి పక్క ఛానెల్లో కొరియా రాణి సీరియల్ వస్తుంది. జనమంతా అక్కడే. చూసేవాళ్లు పెరగకపోతే నెలాఖరుకు ఆపేస్తామని నిర్మాత తేల్చి చెప్పేశాడు.

మేనత్త మరిడమ్మకు పెద్ద టీవీ ఉంది. అంతకంటే పెద్దది, బంధువుల వాట్సాప్ గ్రూపు. మూడు వందల మంది. ఆవిడ ఒక్క మాట పెడితే పెరాక్ నుంచి జొహొర్ దాకా రిమోట్లు కదులుతాయి.

"ఏటే, సెప్పా పెట్టకుండా వొచ్చినావు!" మరిడమ్మ గుమ్మంలోనే కావలించుకుంది. "రా, కూకో. రాణి వొచ్చే వేళైంది."

హాల్లో అప్పటికే ఏడుగురు ఆడవాళ్లు చాపల మీద సర్దుకుని ఉన్నారు. మామయ్య పకీరిసామి ఒక్కడే కుర్చీలో.

"అత్తా, ఇయ్యాల నా సీరియల్ సూడండి," అంది మేనక. "గ్రూపులో కూడా ఒక్క మాట పెట్టు. లేకపోతే ఆపేస్తారంట."

ఒకావిడ అరటికాయ బజ్జీ నమలడం ఆపేసింది.

"నీ సీరియల్ బాగానే ఉంటాదిలే," పక్కింటి చంద్ర మొహమాటంగా మొదలుపెట్టింది. "కానీ అందులో వంటిల్లు అచ్చం మా వంటిల్లే. ఆ గిన్నెల స్టాండూ అదే. దాన్ని సూడ్డానికి టీవీ ఎందుకు?"

"మంచు పడదు," అంది బజ్జీ ఆవిడ.

"రాజకుమారుడు కూడా లేడు," అంది మూలనున్న ముసలావిడ, ఏమాత్రం సిగ్గుపడకుండా.

"కొరియావోళ్లయినా తమిళం ఎంత సక్కగా మాటాడతారో!" అన్నాడు పకీరిసామి. "మన పిల్లలకి అలాగ రాదు."

అందరూ తలలూపారు. చివరికి మరిడమ్మ తీర్పు చెప్పింది.

"సూడే అమ్మీ. మన కష్టం మనోళ్లు పడితే, ఉన్నదే గదా అనిపిస్తాది. అదే కొరియా పిల్ల పడితే, అయ్యో పాపం అనిపిస్తాది. పైగా ఆ పిల్ల ఏడ్సినట్టు నీకు ఏడవడం రాదు."

మేనకకు కోపం రావాలి. నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

"అంత బాగా ఏడుస్తాదా అత్తా?"

"ఏడుపా అది? ఇంటే పేగులు కదిలిపోతాయి!"

"ఇంకోసారి సెప్పు."

"నీకు మతి పోయినాదేటే?"

మొదటి పది నిమిషాలు మేనక సీరియల్ చూసేలా బేరం కుదిరింది. ఐదు కొట్టగానే తెర మీద ఖాకీ చొక్కాలో మేనక ప్రత్యక్షమైంది. తండ్రి పోయాడని కబురొచ్చింది. ఖాళీ బస్సులో స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"జలుబు సేసినట్టుంది పిల్లకి," అంది మరిడమ్మ.

చంద్ర పగలబడి నవ్వింది. చాపలన్నీ నవ్వాయి. మేనకకూ ఆగలేదు. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"నవ్వుతావేటే? ఆ కొరియా పిల్లని సూసి నేర్సుకో," అంటూ మరిడమ్మ ఛానెల్ మార్చేసింది.

మంచు పడుతోంది. సైనికులు రాణి ఒళ్లోంచి బిడ్డను లాక్కుపోయారు. రాణి మంచులో కూలబడింది. గొంతు చీలిపోయేలా ఏడ్చింది.

చంద్ర ముక్కు చీదింది. ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. పకీరిసామి కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. మరిడమ్మ మేనకోడలి చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"ఇన్నావా? ఏడుపంటే అదీ!"

మేనక తెర వైపు చూడటం లేదు. ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తోంది, దసరా పందిట్లో బహుమతి గెలిచిన పిల్లలా వెలిగిపోతూ.

సీరియల్ అయ్యాక మరిడమ్మ మనసు కరిగింది. అలా ఏడ్చాక ఎవరి మనసైనా కరుగుతుంది. ఫోను తీసి గ్రూపులో చెప్పింది: "మా మేనక సీరియల్ మంగళారం పొద్దున మళ్లీ ఏస్తారు. అందరూ సూడండి. సూడనోళ్లు మా ఇంటికి రావద్దు." మేనక చెప్పులు వేసుకునేలోపే నూట యాభై బొటనవేళ్లు వచ్చి పడ్డాయి.

"ఉండిపోవే ఈ పూటకి," అంది మరిడమ్మ గుమ్మంలో.

"రేపు పొద్దున్నే పనుంది అత్తా."

"పోనీ, వారం దాకా ఎలాగే ఆగడం? ఆ రాణికి బిడ్డ దొరుకుతాడో లేదో!"

"దొరుకుతాడు. పదిహేడో ఎపిసోడ్‌లో."

"ఇంకా రాందే నీకెలా తెలుసే?"

మేనక నవ్వి బస్సు కోసం పరుగెత్తింది తప్ప, ఆరు నెలలుగా కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోని డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడి ఆ రాణి ఏడుపంతా తమిళంలో ఏడుస్తున్నది తానేనని మాత్రం చెప్పలేదు.