గోడ పరీక్ష

మున్సిపల్ ఆఫీసులో పెయింటర్ పోస్టుకి ఇంటర్వ్యూ అంటే, ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడతను. బల్ల దగ్గరున్న గుమాస్తా ప్రశ్నలేమీ అడగలేదు. రంగు బకెట్టు చేతికిచ్చి వరండా గోడ చూపించాడు.

"ఇదే పరీక్ష. చొక్కా జాగ్రత్త."

మిగతా గోడల దగ్గర మిగతా అభ్యర్థులు అప్పటికే నిచ్చెనలెక్కి ఉన్నారు. సాయంత్రానికి ఆఫీసు కొత్త పెళ్ళికొడుకులా తయారైంది.

గుమాస్తా గోడని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి తలూపాడు.

"బాగా వేశావు. కబురు చేస్తాం."

"కుర్చీలు కూడా కొత్తవిలా ఉన్నాయే సార్?"

"పాతవే. పోయిన నెల వడ్రంగులకి పరీక్ష పెట్టాం."

"ఉద్యోగం ఎవరికొచ్చింది?"

"కుర్చీలన్నీ బాగయ్యాక ఇంక వడ్రంగి ఎందుకన్నారు పైవాళ్ళు."

పెయింటర్‌కి ఒళ్ళు మండింది.

"పర్మనెంటు ఉద్యోగంలో కూర్చుని ఎన్నైనా చెబుతారు. మా బాధ మీకేం తెలుస్తుంది?"

గుమాస్తా నొచ్చుకోలేదు. బల్ల సొరుగుకి తాళం వేసి, సంచీ భుజాన తగిలించుకున్నాడు.

"నేనూ పరీక్షకే వచ్చాను బాబూ, గుమాస్తా పోస్టుకి. ఇంటర్వ్యూలు చేసి చూపించమన్నారు. అప్పటికి మా పాప పాకుతోంది, ఇప్పుడు బడికెళ్తోంది. వాళ్ళింకా చూస్తూనే ఉన్నారు."