ఆరుగంటలావిడ

"తలుపు తియ్యకే!" అక్క గొంతు తగ్గించి అంది.

తలుపు మీద మళ్లీ మూడు దెబ్బలు పడ్డాయి. తొందర లేని దెబ్బలు. ఆ చప్పుడు చెల్లెలికి పందొమ్మిదేళ్లుగా తెలుసు. మంచం మీద లేచి కూర్చుంది. కిటికీ అవతల ఇంకా మంచు. గడియారం సరిగ్గా ఆరు చూపిస్తోంది.

"ఆవిడే. ఆరుగంటలావిడ."

"ఇప్పుడెందుకొచ్చింది? నువ్వు టెన్నిస్ మానేసి ఎనిమిది నెలలైంది కదా!"

"పరీక్షల జాబితాలోంచి నా పేరు తీసెయ్యమని రాశాను. తీసేశామని జవాబు రాలేదక్కా."

ఇద్దరి చూపులూ ఒక్కసారే కిటికీ గూట్లో ఉన్న దగ్గుమందు సీసా మీదికి వెళ్లాయి. ఆడినన్నాళ్లూ ఎంత జలుబు చేసినా వేడినీళ్లతో సరిపెట్టుకున్న మనిషి ఆమె. రాత్రి మొదటిసారి, సీసా మీది అక్షరాలు చూడకుండా రెండు మూతలు తాగేసింది. తాగాక చదివింది. క్రీడాకారులు ముట్టకూడని మందు అందులో ఉంది. ఇంక మనకేంటిలే అని నవ్వుకుని పడుకుంది.

"తియ్యకపోతే ఏమవుతుంది?"

"తప్పించుకుందని రాస్తారు."

"తీస్తే?"

"పరీక్షలో మందు బయటపడుతుంది. ఇన్నేళ్లూ ఇలాగే గెలిచిందంటారు. నేను గెలిచిన ఆ ఒక్క కప్పునీ దొంగసొత్తు చేసేస్తారు."

మూడోసారి తలుపు చప్పుడైంది. ఆమె వెళ్లి తీసింది.

మంచులోంచి ఆవిడ లోపలికి వచ్చింది. అదే బూడిదరంగు కోటు, చేతిలో అదే పెట్టె. జుట్టు మాత్రం పూర్తిగా తెల్లబడింది. ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుంది.

ఆటలో ఉన్నవాళ్లు రోజుకో గంట ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి. ముట్టకూడని మందులేమైనా వాడారేమోనని మూత్రం పరీక్షకు పట్టుకెళ్లడానికి ఆ గంటలో ఎవరైనా రావచ్చు. ఆమె ఎప్పుడూ పొద్దున్న ఆరు గంటలకు ఇంట్లో ఉంటానని రాసేది. ఎప్పుడూ ఈవిడే వచ్చేది.

"నేనెందుకొచ్చానంటే..." ఆవిడ మొదలుపెట్టింది.

"ఎందుకొచ్చారో మాకు తెలుసులెండి!" అక్క అడ్డుపడింది. " దానికి ఒళ్లు కాలిపోతోంది. రేపు రండి."

"ఒళ్లు కాలుతోందా?"

"పోనీ నాది పట్టుకెళ్లండి. ఒక తల్లి పిల్లలమే కదా, సరిపోదా?"

ఆవిడకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. అలవాటుగా నీళ్ల చెంబు తెచ్చుకుని, ఆవిడ ఎదురుగా కూర్చుని, గుక్కగుక్కగా తాగసాగింది. రాత్రి మందు మత్తు ఇంకా వదల్లేదు. గది నీళ్లలో మునిగినట్టుంది. కుర్చీలో ఆవిడ ఒక్కరే కాదు, పందొమ్మిదేళ్ల ఆవిడలందరూ ఒకరి మీద ఒకరు కూర్చున్నట్టు కనిపించింది.

మొదటిసారి వచ్చినప్పుడు, ఏదో అమ్మడానికి వచ్చిందనుకుని "మాకేమీ అక్కర్లేదు" అని తలుపు వేసేసింది అమ్మ. కప్పు గెలిచి ఇంటికి వచ్చిన మర్నాడు, రాత్రంతా పక్కలో పెట్టుకుని పడుకున్న ఆ కప్పును తీసి, "కాసేపు ఇది నేను పట్టుకుంటాలే, పద" అంది ఆవిడ. పెళ్లినాటి సూట్‌కేసుతో భర్త ఆమెను వదిలేసి గుమ్మం దిగుతున్న పొద్దున, ఈవిడ పెట్టెతో గుమ్మం ఎక్కింది. ఆ ఇరుకు మెట్ల మీద రెండు పెట్టెలూ ఒకదానికొకటి తగిలాయి. "క్షమించండి" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అమ్మ పోయిన మర్నాడు ఊరడించడానికి వచ్చినవాళ్లంతా పనులున్నాయని వెళ్లిపోయారు. పరీక్ష అయ్యేదాకా మనిషిని కంటిముందు నుంచి కదలనివ్వకూడదన్నది ఆవిడ ఉద్యోగ నిబంధన. ఆ పొద్దున ఆవిడొక్కతే కదలకుండా కూర్చుంది.

స్టేడియంలో చప్పట్లు కొట్టిన వేలమందిలో ఒక్క ముఖం కూడా ఇప్పుడు గుర్తు రాలేదు. ఈ ముఖం మీది ప్రతి ముడతా ఎప్పుడు పడిందో చెప్పగలదు. ఈ ముఖం చేతే దొంగ అనిపించుకోవాలా?

చెంబు ఖాళీ అయింది.

"నేను చెప్పేది కాస్త వినమ్మా..." అంది ఆవిడ.

"ముందు నేను చెబుతాను." ఆమె లేచి గూట్లోని సీసా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "రాత్రి ఇది తాగాను. రెండు మూతలు. మీరు పట్టుకునేదాకా ఆగలేను. రాసుకోండి."

"ఒసేయ్ పిచ్చిదానా!" అక్క తలపట్టుకుంది.

ఆవిడ కళ్లజోడు తీసి, సీసాను కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. చాలాసేపు చదివింది. బయట పాలబండి వచ్చి, వెళ్లిపోయింది.

"దగ్గు తగ్గిందా?" అని అడిగింది.

"అదా ఇప్పుడు అడిగేది?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెట్టె తెరవండి. ఏం చెయ్యాలో అది చేసెయ్యండి. పరీక్షలో అంతా తేలిపోతుంది, మీరు నా మాట కూడా నమ్మక్కర్లేదు."

ఆవిడ చెయ్యి పెట్టె మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"ఏదో ఒకటి కానివ్వండి, ఈ నరకం మేం పడలేం!" అక్క పెట్టెను విసురుగా లాక్కుని మూత ఎత్తింది.

లోపల పరీక్ష సీసాలు లేవు. కాగితాలు లేవు. సీసాలు పెట్టే గుంటలు మాత్రం వరసగా ఖాళీగా ఉన్నాయి.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ తప్పు చేసిన చిన్నపిల్లలా తల దించుకుంది.

"నాకు నిన్నటితో ఉద్యోగం అయిపోయింది తల్లీ. పొద్దున్నే లేచి పెట్టె పట్టుకుంటే, కాళ్లు ఇటే తీసుకొచ్చాయి."